ఒకే బొమ్మ: ఒకచోట ఏడ్చారు, ఇంకోచోట నవ్వారు

(వాడలో రెండు రాత్రులు సినిమా వేసిన తర్వాత, మూడో రాత్రి జరిగిన మీటింగులో మాట్లాడిన మాటల పాఠం)



మొన్న రాత్రి ఈ బడి గోడకు తెల్లగుడ్డ కట్టి ఒక బొమ్మ వేశాం. నిన్న రాత్రి ఇంకో బొమ్మ వేశాం. రెండింట్లోనూ సముద్రంలోంచి లేచింది ఒకటే మృగం. తగలబడింది ఒకటే పట్నం. పరుగెత్తింది ఒకటే జనం.

నిన్న బొమ్మ అయిపోయి గుడ్డ విప్పుతుంటే ఒక పెద్దమ్మ వచ్చి అడిగింది: "ఏం నాయనా, మొన్నటి బొమ్మే తిప్పి వేశారు గదా. మరి మధ్యలో ఆ తెల్లదొర యాడ నుంచి వచ్చాడు? మొన్న లేడే!"

మేము రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాం. ఇవాళ్టి మీటింగు ఆ పెద్దమ్మ ప్రశ్న మీదనే. ఆ దొర యాడ నుంచి వచ్చాడు? ఎందుకు వచ్చాడు? ఆయన వచ్చి కూర్చున్నాక లోకం ఆ బొమ్మను చూసే తీరు ఎట్లా మారిపోయింది? ఈ మూడు ముక్కలూ చెప్పుకుందాం.

మొన్నటి బొమ్మ పేరు 'గొజిరా'. జపాను దేశంలో తోహో అనే కంపెనీ తీసింది. 1954 నవంబరు 3న విడుదలయింది. గొరిల్లా అనే మాటనూ, వాళ్ళ భాషలో తిమింగలాన్ని పిలిచే 'కుజిరా' అనే మాటనూ కలిపి ఆ పేరు పెట్టారు. దర్శకుడు ఇషిరో హోండా. నిర్మాత తొమొయుకి తనాకా.

నిన్నటి బొమ్మ పేరు 'గాడ్జిల్లా, కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్!' అంటే రాక్షసులకు రాజు అని. అది 1956లో అమెరికాలో విడుదలయింది. అది వేరే సినిమా కాదు. పెద్దమ్మ సరిగ్గానే పట్టింది. మొన్నటి రీళ్ళనే కొనుక్కుపోయి, కోసి, అతికి, మధ్యలో కొత్త ముక్కలు కలిపి తయారుచేసిన నకలు అది.

ముందు అసలు బొమ్మ ఎందుకు పుట్టిందో చూద్దాం. ఇది తెలియకపోతే మిగతాది తెలియదు.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. రెండు పట్నాలు బూడిదయ్యాయి. ఆ తర్వాత 1952 దాకా జపాను అమెరికా సైన్యం చేతిలో ఉంది. ఆ కాలంలో చాలా ఏళ్ళ పాటు బాంబు గురించి రాసే రాతల మీద సెన్సారు నడిచింది. ఇంట్లో బిడ్డ కాలి చచ్చిపోయినా, చచ్చిన తీరు పత్రికలో రాయడానికి వీల్లేదు. దెబ్బ తిన్నవాడి నోటికే తాళం.

ఆ తాళం తీసి రెండేళ్ళు కాలేదు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలో బికినీ అనే దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబును పేల్చి చూసింది. హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు బలం దానిది. అక్కడికి దూరంలో, అమెరికా గీసిన హద్దుకు అవతలే, ఒక జపాను పడవ ట్యూనా చేపలు పడుతోంది. పడవ పేరు 'దైగో ఫుకుర్యు మారు', అంటే అదృష్ట నాగం అని అర్థం వస్తుంది. అందులో 23 మంది జాలర్లు. తెల్లారకముందే పడమటి దిక్కున వెలుగొచ్చింది. తర్వాత మంచు కురిసినట్టు తెల్లటి బూడిద కురిసింది. వాళ్ళకేం తెలుసు? చేతుల్తో దులుపుకున్నారు. ఊరికి తిరిగొచ్చేసరికి ఒళ్ళు కమిలిపోయింది, జుట్టు ఊడిపోయింది. వాళ్ళు తెచ్చిన చేప అప్పటికే బజారుకెక్కింది. ఇక దేశమంతా చేప పేరు చెబితే భయం. ఆ పడవలో రేడియో పని చేసే ఐకిచి కుబోయామా 1954 సెప్టెంబరు 23న చనిపోయాడు. ఆయన వయసు 40.

ఆయన పోయిన నలభయ్యొక్క రోజులకు 'గొజిరా' విడుదలయింది. ఆ సినిమా ఎట్లా మొదలయిందో మీరు మొన్న చూశారు. పడవ మీద పనివాళ్ళు కూర్చుని ఉంటారు. ఒకడు గిటారు వాయిస్తుంటాడు. ఉన్నట్టుండి నీళ్ళల్లోంచి తెల్లటి వెలుగు. పడవ తగలబడుతుంది. హాల్లో కూర్చున్న జపానువాళ్ళకు ఇది కట్టుకథ ఎట్లా అవుతుంది? ఆ ఏడాది పేపర్లో చదివిన చావే కళ్ళ ముందు కనపడింది.

దాదాపు 96 లక్షల టిక్కెట్లు తెగాయి. అందులో హీరో వేషం వేసిన అకిరా తకరాదా సినిమా వేసి చూపించినప్పుడు తానే ఏడ్చానని తర్వాత చెప్పుకున్నాడు. జనంలోనూ కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చినవాళ్ళున్నారు. అయితే అక్కడి సమీక్షకులందరూ మెచ్చుకున్నారని అనుకోవద్దు. మానని పుండును చూపించి డబ్బు చేసుకుంటున్నారని కోప్పడినవాళ్ళూ ఉన్నారు. ఆ కోపమూ న్యాయమైనదే. పుండు ఉన్నవాడే అట్లా కోప్పడతాడు. మెచ్చినవాళ్ళకూ, తిట్టినవాళ్ళకూ ఒక సంగతి మాత్రం తెలుసు: ఈ బొమ్మ మన చావు గురించి మాట్లాడుతోంది.

ఇప్పుడు దొర సంగతి.

అమెరికాలో కొందరు వ్యాపారులు ఈ బొమ్మను కొన్నారు. కొని, మన దేశం వాళ్ళు జపాను మొహాలు గంటన్నర చూస్తారా అనుకున్నారు. చూడాలంటే ముందర ఒక తెల్లమనిషి నిలబడాలి అనుకున్నారు. రేమండ్ బర్ అనే నటుణ్ణి పిలిచారు. ఆయనకు విలేకరి వేషం ఇచ్చారు. కైరో పోతూ దారిలో టోక్యోలో దిగిన అమెరికా విలేకరి అన్నమాట. టెర్రీ మోర్స్ అనే ఆయన ఆ కొత్త ముక్కలు తీశాడు. పాత సినిమా నిడివి 96 నిమిషాలు. కొత్తది 80 నిమిషాలు. కొత్తగా దూర్చిన ముక్కలు కూడా లెక్కేస్తే, అసలు బొమ్మలోంచి అరగంటకు పైగా కోసి పారేశారు.

అతుకు ఎట్లా వేశారో చెబితే మీకు నవ్వొస్తుంది. దొర జపాను పాత్రలతో మాట్లాడుతున్నట్టు కనపడాలి. ఆ నటులేమో టోక్యోలో ఉన్నారు. ఏం చేశారు? వేరేవాళ్ళకు అవే గుడ్డలు తొడిగి, వీపులు మాత్రమే కనపడేట్టు నిలబెట్టారు. వీపుతో దొర మాట్లాడతాడు. వెంటనే అసలు బొమ్మలోని మొహం అతికిస్తారు. నిన్న ముందు వరుసలో ఒక పిల్లవాడు "అన్నా, ఆ అక్క ఇటు తిరగదేం?" అని అడిగాడు. అందుకే తిరగలేదు తమ్ముడూ. తిరిగితే వేరే మొహం బయటపడుతుంది.

ఇంకో సంగతి చూశారా? చాలాచోట్ల జపానువాళ్ళు వాళ్ళ భాషలోనే మాట్లాడుతుంటారు. దానికి ఇంగ్లీషు మాటలు వెయ్యలేదు. దొరకు అర్థం కాదు. పక్కన ఒక మనిషి నిలబడి ఆయనకు రెండు ముక్కల్లో చెబుతాడు. ఇల్లు కాలినవాడు పది మాటలు చెబితే, దొర చెవికి రెండు చేరతాయి. దొర నోట్లోంచి లోకానికి ఒకటి చేరుతుంది.

మరి ఏమేం పోయాయి? మేము రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసి రాసుకున్నాం. మూడు చెబుతాం.

ఒకటి. రైల్లో ఒక ఆడమనిషి మాట్లాడుతుంది గదా. చేపలు చెడిపోయాయి, వానలో విషముంది, ఇప్పుడు ఈ గొజిరా కూడానా, నాగసాకిలో చావు తప్పించుకుని వచ్చిన ప్రాణం ఇది అని వాపోతుంది. పక్కనున్న మగవాడు మళ్ళీ తలదాచుకునే చోటు వెతుక్కోవాలా అన్నట్టు విసుక్కుంటాడు. అంతా కలిపి ఒక్క నిమిషం ఉంటుందేమో. కానీ ఆ బొమ్మకు ప్రాణమంతా ఆ నిమిషంలో ఉంది. అది అమెరికా బొమ్మలో లేదు. కోసేశారు.

రెండు. పార్లమెంటు కమిటీలో గొడవ. గొజిరా బాంబు పరీక్షల వల్ల లేచిందన్న సంగతి బయట పెట్టొద్దు, పై దేశాలతో సంబంధాలు చెడతాయి, జనం బెదిరిపోతారు అని ఒక పెద్దమనిషి అంటాడు. ఆడ సభ్యులు లేచి, నిజం నిజమే, దాచడానికి మీరెవరని గట్టిగా నిలదీస్తారు. పెద్ద కేకలాట అవుతుంది. మొన్న ఆ చోట మన అక్కలు చప్పట్లు కొట్టారు. నిన్నటి బొమ్మలో చప్పట్లు కొట్టడానికి ఆ చోటే లేదు.

మూడు. ఆఖరు. అసలు బొమ్మలో గొజిరా చచ్చిపోయాక ముసలి శాస్త్రవేత్త యమానే సంతోషపడడు. ఇదే ఆఖరి గొజిరా అని నేననుకోను, ఈ బాంబు పరీక్షలు ఇట్లాగే సాగితే లోకంలో ఎక్కడో ఒకచోట ఇంకోటి లేస్తుందని అంటాడు. అమెరికా బొమ్మలో ఆ హెచ్చరిక తీసేశారు. ముసలాయన బదులు దొర మాట్లాడతాడు. పీడ వదిలింది, లోకం మళ్ళీ హాయిగా బతకొచ్చు అని ముగించేస్తాడు.

హెచ్చరిక పోయి దీవెన వచ్చింది. బాంబు పేల్చినవాడి దేశంలో బొమ్మ ఆడాలంటే, పీడ వదిలిందని చెప్పడమే మేలు గదా!

న్యాయంగా మాట్లాడదాం. బాంబు మాట మొత్తంగా తుడిచెయ్యలేదు. హైడ్రోజన్ బాంబు పరీక్షల వల్లే ఈ మృగం లేచిందని యమానే చెప్పే ముక్క అమెరికా బొమ్మలోనూ ఉంది. కాబట్టి సంగతి పూర్తిగా దాచారని మేము అనం. కారణం ఉంచారు, ఆ కారణం వల్ల చచ్చినవాళ్ళ గోడు తీసేశారు. అదీ తేడా.

ఇక ఆ నకలును ఎట్లా చూశారో చెప్పుకుందాం. డబ్బులు బాగానే వచ్చాయి. పిల్లలు ఎగబడ్డారు. పెద్దవాళ్ళు నవ్వారు. 'న్యూయార్క్ టైమ్స్' పత్రికలో బాస్లీ క్రౌథర్ అనే పేరున్న సమీక్షకుడు రబ్బరు బొమ్మ, ఆటబొమ్మల ఇళ్ళు, చౌకబారు పని అని ఎగతాళి చేశాడు. ఇందులో అమెరికా విమర్శకులను మాత్రమే తప్పు పట్టి ఏం లాభం? వాళ్ళ ముందుకు వచ్చిందే గోడు కోసేసిన బొమ్మ. గోడు తీసేస్తే మిగిలేది ఏంది? రబ్బరు తొడుగూ, అట్ట ఇళ్ళూ. వాటిని చూసి నవ్వారు.

జపాను బయట చాలా దేశాలకు చేరింది కూడా అమెరికా నకలే, లేదా దాన్ని పట్టుకుని తయారుచేసినవే. ఇంకా విడ్డూరం వినండి. 1957లో ఆ నకలును జపానుకే తెచ్చి అక్కడి హాళ్ళలో వేశారు. ఎవరి చావుకు ఎవరు వ్యాఖ్యానం చెప్పారో చూడండి.

ఆ రబ్బరు తొడుగు లోపల కూడా ఒక పనివాడున్నాడు. హరువో నకజిమా ఆయన పేరు. మొదట తయారయిన తొడుగు 100 కిలోల దాకా తూగింది. రెండు అడుగులు వెయ్యడమే గగనం. దాన్ని తేలిక చేసినా మోత మోతే. వేడి లైట్ల కింద అందులో దూరి, గుడ్డలు పిండితే చెమట కారేట్టు పనిచేశాడు. గొజిరా అరుపు ఎట్లా పుట్టిందో తెలుసా? సంగీతం చేసిన అకిరా ఇఫుకుబె పెద్ద ఫిడేలులాంటి వాయిద్యం తీగ వదులు చేయించి, జిగురు పూసిన తోలు చేతితొడుగుతో దాన్ని రుద్దించాడు. తోలు పలికింది. తోలు పలికితే గుండె ఎట్లా అదురుతుందో దప్పు కొట్టే మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంత పని, ఇంత చెమట "రబ్బరు బొమ్మ" అన్న ఒక్క మాట కింద యాభై ఏళ్ళు అణిగిపోయింది.

యాభై ఏళ్ళు అని ఊరికే అనలేదు. కోత లేని అసలు బొమ్మను అమెరికాలో ఊరూరా హాళ్ళలో, కింద ఇంగ్లీషు అక్షరాలు వేసి చూపించింది 2004లో. అంతకుముందు జపానువాళ్ళు ఉండే పేటల్లో ఆడితే ఆడి ఉంటుంది గానీ, మామూలు జనానికి అందలేదు. 2004లో చూసి చాలామంది సమీక్షకులు ఆగిపోయారు. ఇది పిల్లల ఆట కాదు, చచ్చినవాళ్ళ కోసం తీసిన బొమ్మ అని రాశారు. కొందరు అప్పుడు కూడా పెదవి విరిచారు, అది వాళ్ళిష్టం. కానీ విరిచినవాడూ ఈసారి అసలు బొమ్మను చూసి విరిచాడు. 1956లో పుట్టిన పిల్ల 2004 నాటికి 48 ఏళ్ళదయింది. దర్శకుడు హోండా 1993లోనే పోయాడు. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొస్తూ కాలిపోయిన హిరోషిమా మీదుగా వచ్చిన మనిషి ఆయన. తన బొమ్మకు అమెరికాలో ఆ మర్యాద దక్కడం చూడకుండానే పోయాడు.

అంటే సంగతేంది? ఒకే మృగం, ఒకే మంట, ఒకే పరుగు. చెప్పే నోరు మారితే ఏడుపు నవ్వయింది. ఆ నోరు తీసేస్తే మళ్ళీ మనిషి గొంతు వినపడింది.

ఇక్కడ ఒక తమ్ముడు మధ్యాహ్నం మాతో వాదించాడు. వాదన మంచిదే, అందరి ముందూ పెడుతున్నాం. "అన్నా, ఆ దొర లేకపోతే ఆ బొమ్మ జపాను దాటేదా? లోకానికి గాడ్జిల్లా పేరు తెలిసింది ఆయన వల్లే గదా. కోసినా మోసుకుపోయాడు. మొయ్యకపోతే మనమూ ఇవాళ ఈ గోడ మీద చూసేవాళ్ళం కాదు."

తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. పేరు మోసుకుపోయింది నిజమే. ఆ నకలు చూసి పెరిగిన పిల్లలే తర్వాత అసలు దాని కోసం వెతికారు, అదీ నిజమే. మేము అడిగేది ఒక్కటే: మోతకూలి ఎంత తీసుకున్నాడు? నాగసాకి నుంచి వచ్చిన ఆ ఆడమనిషి మాటను కూలి కింద పట్టుకుపోయాడు. నిలదీసిన ఆడ సభ్యుల గొంతును పట్టుకుపోయాడు. ముసలాయన హెచ్చరికను పట్టుకుపోయాడు. మూట గమ్యం చేరింది, విప్పి చూస్తే గింజలు లేవు, గోనెసంచి ఉంది. సంచి మీద పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. తప్పంతా బయటివాళ్ళదే అంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. సొంత కంపెనీ తోహో కూడా ఏళ్ళు గడిచేకొద్దీ గొజిరాను పిల్లల దోస్తును చేసింది. 1960లు దాటి 1970ల్లోకి వచ్చేసరికి అది ఇతర మృగాలతో కుస్తీ పట్టి లోకాన్ని కాపాడే వీరుడయింది. టిక్కెట్లు తెగే దారి అది. 1998లో అమెరికావాళ్ళు మళ్ళీ తమ సొంత గాడ్జిల్లా తీస్తే, అందులో నేరం ఫ్రాన్సు బాంబు పరీక్షల మీదికి పోయింది. బికినీలో పేల్చినవాడు పక్కకు తప్పుకున్నాడు. 2016లో జపానువాళ్ళు 'షిన్ గొజిరా' తీసి, ఫుకుషిమా అణు ప్రమాదం చూసిన కళ్ళతో సర్కారు ఫైళ్ళ నడకను ఎండగట్టారు. 2023లో వచ్చిన 'గాడ్జిల్లా మైనస్ వన్' యుద్ధం నుంచి మిగిలొచ్చిన మనిషి కథ చెప్పింది. దానికి 2024లో ఆస్కార్ బహుమతి ఇచ్చింది అమెరికాయే. అంటే గొంతు పూర్తిగా చావలేదు. అణిచినా లేచింది.

అయినా అసలు బొమ్మను కూడా దండేసి దణ్ణం పెట్టొద్దు. దాన్ని కూడా అడగాలి. అందులో ఎవరు లేరు?

బికినీ బాంబు బూడిద జాలర్ల పడవ మీదే పడలేదు. రొంగెలాప్ అనే దీవి మీద కూడా పడింది. అక్కడ సొంత భాష, సొంత చెట్టూ చేమా ఉన్న జనం ఉన్నారు. పిల్లలు ఆ బూడిదలో ఆడుకున్నారు. రెండు రోజులు దాటాక గానీ అమెరికావాళ్ళు వచ్చి తీసుకుపోలేదు. 1957లో ఇక ఫరవాలేదని మళ్ళీ అక్కడికే దింపారు. రోగాలతో ఏళ్ళ తరబడి అవస్థపడి, 1985లో ఆ జనం తామే దీవి విడిచి వెళ్ళిపోయారు. 'గొజిరా'లో జపాను జాలరి ఉన్నాడు. రొంగెలాప్ మనిషి లేడు. జపాను సైన్యం చైనాలో, కొరియాలో చేసిన పనుల ఊసు కూడా లేదు. దెబ్బ తిన్నవాడు చెప్పే కథలో కూడా అతనికంటే కింద ఉన్నవాడు కనపడకపోవచ్చు. ఈ మాట మనం ముందు మనకు చెప్పుకుని, తర్వాత జపానుకు చెబుదాం.

మరి జనం ఏం చేశారు, సినిమా చూసి ఇంటికి పోయారా అని అడుగుతారు. లేదు. సినిమా కంటే ముందే కదిలారు. 1954 మే నెలలో టోక్యోలో సుగినామి అనే పేటలో ఆడవాళ్ళు బాంబు పరీక్షలు ఆపాలని సంతకాలు మొదలుపెట్టారు. చేప కొనే, వంట చేసే ఆడవాళ్ళు. ఇల్లిల్లూ తిరిగారు. 1955 ఆగస్టు నాటికి దేశమంతా కలిపి సంతకాలు మూడు కోట్లు దాటాయి. ఆ నెలలోనే హిరోషిమాలో అణుబాంబులకు వ్యతిరేకంగా మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. అమెరికాలో దొర బొమ్మ చూసి నవ్వినవాళ్ళకు ఆ మూడు కోట్ల సంతకాల సంగతి ఎవరు చెప్పారు? చెప్పే ముక్కలే కోతలో పోయాయి.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకుని ముగిస్తాం.

మొన్న రాత్రి అసలు బొమ్మ వేసినప్పుడు మీకు జపాను భాష రాదని, మాలో ఒకరు మైకు పట్టుకుని తెలుగులో చెప్పుకుంటూ పోయారు. మొదట్లో బాగానే ఉంది. పోనుపోను మాకు హుషారెక్కింది. బొమ్మలో లేని మాటలు కూడా కలిపాం. పట్నం కాలిపోతుంటే గోడ పక్కన ఒక తల్లి పిల్లల్ని ఒళ్ళో కావలించుకుని కూర్చుంటుంది గదా. కాసేపట్లో నాన్న దగ్గరికి పోతామని పిల్లలకు చెబుతుంది. తండ్రి యుద్ధంలో పోయాడని మనకు అర్థమవుతుంది. ఆ చోట మేము మైకులో సామ్రాజ్యవాదం గురించి గట్టిగా అందుకున్నాం. వెనక నుంచి ఒక అక్క కేకేసింది: "నోరు మూయండయ్యా, ఆ తల్లి ఏమంటందో విననీయండి!"

మేము మైకు దించాం. తర్వాత ఆ తల్లి గొంతు ఒక్కటే వినపడింది. భాష రాకపోయినా వాడంతా కదలకుండా కూర్చుంది.

అంతకుముందు ఓడో దీవి ముసలాయన, చేపలు పడని ఏడు ఊరి ఆడపిల్లను తెప్ప మీద కూర్చోబెట్టి సముద్రానికి ఇచ్చేవాళ్ళమని చెప్పినప్పుడు కూడా అంతే. ఇటు కూర్చున్న ముసలమ్మలు "మన జోగినమ్మల లెక్కనే" అని ఒకరితో ఒకరు అనుకోవడం విన్నాం. ఆ పోలిక మేము రాసుకున్న కాగితంలో లేదు. మా తలలోకి రాలేదు. మాకంటే ముందు మీరు పట్టుకున్నారు.

అప్పుడు తెలిసింది మాకు. తెల్లదొర అమెరికాలోనే ఉండడు. మైకు చేతికొస్తే మాలో కూడా లేస్తాడు. ఊరి గోడు వినడానికి పోయి, నాలుగు మాటలు విని, మిగతా ఆరు మనమే కలిపి కరపత్రం వేసే ప్రతి కార్యకర్తలో లేస్తాడు. మంచి మనసుతోనే లేస్తాడు. అదే ప్రమాదం.

అందుకని కార్యకర్తలందరం ఈ రాత్రి ఒక కట్టుబాటు పెట్టుకుంటున్నాం. మీ ముందే పెట్టుకుంటున్నాం, తప్పితే మీరే అడగండి. ఏ ఊళ్ళో ఎవరి మాట రాసుకున్నా, రాసింది తిరిగి ఆ మనిషికి చదివి వినిపించాకే అచ్చుకు పంపాలి. చదువు రాని అవ్వ అయినా సరే, కూర్చోబెట్టి వినిపించాలి. "ఇది నేనన్లేదు" అంటే కొట్టెయ్యాలి. "ఇది విడిచిపెట్టావేం" అంటే కలపాలి. చోటు చాలకపోతే ముందు మన వ్యాఖ్యానం కొయ్యాలి, ఆమె మాట కాదు.

వచ్చే శనివారం అసలు బొమ్మ మళ్ళీ వేస్తాం. ఈసారి మైకు ఉండదు. బొమ్మ మొదలయ్యే ముందు కథ చెబుతాం. అయిపోయాక మాట్లాడుకుందాం. మధ్యలో మాత్రం నోరు మూసుకుని కూర్చుంటాం. మొన్న కేకేసిన అక్కను ముందు వరుసలో కూర్చోమని అడుగుతున్నాం.

పెద్దమ్మా, నీ ప్రశ్నకు మాకు చేతనైన జవాబు ఇది. ఇంకేమైనా మిగిలిపోతే లేచి అడుగు. ఎంత రాత్రయినా ఉంటాం.